పాప పేరు మీద దరఖాస్తు పెట్టండి

2024 జూలైలో బెరిల్ తుపాను వెళ్లిపోయాక అమెరికాలోని హ్యూస్టన్ చుట్టుపక్కల నుంచి వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: నమస్కారం అక్కా. జూలై 8న బెరిల్ వచ్చినప్పుడు షుగర్‌ల్యాండ్‌లో మేముండే అపార్ట్‌మెంట్ పైకప్పు మీద ఓక్ చెట్టు కొమ్మ విరిగి పడింది. పడకగది సీలింగ్ ఊడి, పరుపులు, పాప మంచం, బట్టలు అన్నీ వానకు నానిపోయాయి. అద్దె ఇంటి బీమా తీసుకోలేదు. మా వారిది హెచ్-1బి ఉద్యోగ వీసా, నాది ఆయన మీద ఆధారపడ్డ హెచ్-4 వీసా. పాపకు ఐదేళ్లు, ఇక్కడే పుట్టింది. విపత్తు సాయం ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఫీమా దరఖాస్తులో పౌరసత్వం ప్రశ్నకు "అవునని పెట్టేయండి, ఎవరూ చూడరు" అంటాడు ఒక స్నేహితుడు. "ఆ జోలికే వెళ్లకండి, గ్రీన్‌కార్డు పోతుంది" అంటారు ఇంకొకరు. ఎవరి మాట వినాలి?
(పేరు వద్దన్నారు), షుగర్‌ల్యాండ్

జవాబు: ఇద్దరి మాటా వినకమ్మా. మొదటాయన మాట అసలే వద్దు. అమెరికా పౌరులు కానివారు పౌరులమని రాసి సంతకం పెడితే, అది వలస చట్టం కింద జీవితాంతం వెంటాడే తప్పు. దాన్ని తుడుచుకునే దారి దాదాపు లేదు. పాడైన పరుపుల కోసం గ్రీన్‌కార్డుకై పదేళ్ల నిరీక్షణను పణంగా పెడతారా? ఆ సలహా ఇచ్చిన పెద్దమనిషి రేపు మీతోపాటు లాయరు దగ్గరికి రాడు.

ఫీమా చేతికిచ్చే డబ్బు పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి, శరణార్థుల వంటి మరికొన్ని వర్గాలకు మాత్రమే. హెచ్-1బి, హెచ్-4 అందులోకి రావు. అయితే ఆ ఇంట్లోనే మీతో ఉంటున్న మీ పాప పౌరురాలు. పద్దెనిమిదేళ్లలోపు పౌరులైన పిల్లల తరఫున తల్లి గానీ తండ్రి గానీ దరఖాస్తు చేయవచ్చు. పాప సోషల్ సెక్యూరిటీ నంబరు దగ్గర పెట్టుకుని 1-800-621-3362కు ఫోను చేసి, మొదటి మాటగా "మైనరు బిడ్డ తరఫున దరఖాస్తు చేస్తున్నాను" అని చెప్పండి. దుబాసీ కావాలన్నా అడగవచ్చు. మీరొకటి, మీ వారొకటి విడివిడిగా పెట్టకండి. ఇంటికి ఒక్కటే దరఖాస్తు. రెండైతే రెండూ ఆగుతాయి.

రెండో భయం సంగతి. ప్రభుత్వం మీద ఆధారపడే మనిషి అన్న ముద్ర పడుతుందేమోనని ఆయన ఉద్దేశం. 2022లో వచ్చిన నిబంధన విపత్తు సాయాన్ని ఆ లెక్కలోంచి మినహాయించింది. గ్రీన్‌కార్డు ఫైలు చూస్తున్న లాయరు మీకు ఎలాగూ ఉండే ఉంటారు, ఒక్క మెయిలు రాసి నిర్ధారించుకోండి.

ఏమొస్తుంది అంటే, ఒక్కో ఇంటికి అత్యవసరాల కింద బెరిల్ అప్పుడు 750 డాలర్లు ఇచ్చారు. తిండి, మందులు, పెట్రోలు లాంటి వాటికి. కరెంటు లేక ఫ్రిజ్‌లో కుళ్లిన కూరగాయలకు విడిగా లెక్క కట్టరు. ఇల్లు ఉండటానికి పనికిరాకపోతే తాత్కాలిక అద్దె, పాడైన మంచాలు, పరుపులకు సాయం ఉంటాయి. పైకప్పు బాగుచేయాల్సింది మాత్రం ఇంటి యజమానే. తడిసిన పరుపు వాసన భరించలేక ఈపాటికి బయట పడేసే ఉంటారు. ఫోటోలు తీశారా? లేకపోతే ఊడిన సీలింగ్‌నైనా ఇవాళే తీయండి, గది మొత్తం కనిపించేలా ఒకటి, దగ్గరగా ఒకటి. లీజు కాగితం, కొత్తగా కొన్నవాటి రసీదులు ఒక కవర్లో వేయండి. రసీదులు మూడేళ్లు దాచాలి.

ఒకవేళ డబ్బు రాకపోయినా, విపత్తు తర్వాత ఇచ్చే ఉచిత న్యాయ సలహాకూ, మానసిక సాంత్వన సేవలకూ వీసా అడ్డు కాదు. యజమాని సీలింగ్ వేయించకుండా అద్దె మొత్తం అడుగుతుంటే ఆ న్యాయ సలహా మీకు పనికొస్తుంది.

ప్రశ్న: మాది సొంత ఇల్లు, గ్రీన్‌కార్డు ఉంది. పైకప్పు పెంకులు లేచిపోయి రెండు గదుల్లోకి వాన దిగింది. ఇంటి బీమా ఉన్నందువల్ల అనర్హులని ఫీమా ఉత్తరం పంపింది. బీమా కంపెనీ ఇంకా లెక్క తేల్చలేదు. ఇక వదిలేయాల్సిందేనా?
ఒక పాఠకుడు, పియర్‌ల్యాండ్

జవాబు: 2017 ఆగస్టులో హార్వీ వరదకు మా ఇంట్లో పద్నాలుగు అంగుళాల నీళ్లు నిలిచాయి. గరాజు గోడ మీద ఆ మట్టానికి మా వారు పెన్సిలుతో గీసిన గీత ఇప్పటికీ ఉంది, రంగు వేయనివ్వలేదు నేను. ఆ తర్వాత మాకూ ఇలాంటి ఉత్తరమే వచ్చింది. "అనర్హులు" అన్న మాట చదివి, ఆయన దాన్ని తడి కార్పెట్ ముక్కలతో పాటు చెత్తసంచిలో వేశారు. నేను తీసి ఆరబెట్టి రెండో పేజీ చదివాను. బీమా కంపెనీ వరద నష్టం ఇవ్వనన్నట్టు కాగితం పంపమని అడిగారు, అంతే. మా ఇంటి బీమాలో వరద లేదు. మామూలు ఇంటి బీమాల్లో ఉండదు కూడా. ఆ కాగితం పంపాక సాయం వచ్చింది.

కాబట్టి ఉత్తరం మొత్తం చదవండి. ఒకే నష్టానికి బీమా, ప్రభుత్వం రెండూ డబ్బు ఇవ్వకూడదని చట్టం. అందుకే బీమా లెక్క తేలేవరకు ఫీమా ఆగుతుంది. కంపెనీ ఉత్తరం రాగానే, ఎంత ఇచ్చారో, డిడక్టబుల్ (బీమా ఇవ్వకుండా మీరే భరించాల్సిన వంతు) ఎంత పోయిందో తెలిపే కాగితాలు జతచేసి అప్పీలు చేయండి. ఉత్తరం మీదున్న తేదీ నుంచి 60 రోజులే గడువు. మీ చేతికి అందిన తేదీ లెక్కలోకి రాదు, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ప్రతి పేజీ మీదా దరఖాస్తు నంబరు, విపత్తు నంబరు రాయండి. పెంకులు వేసే మేస్త్రీ ఇచ్చిన అంచనా కాగితం కూడా పెడితే బలం.

2024 మార్చి 22 నుంచి బీమా చాలనివారికి నిబంధనలు కాస్త సడలించారు. అప్పట్లో గరిష్ఠంగా ఇంటి మరమ్మతు, అద్దె వంటి వాటికి 42,500 డాలర్లు, ఇతర అవసరాలకు మరో 42,500. ఆ అంకెలు చూసి ఆశ పెంచుకోకండి, అందరికీ అంత రాదు. ఇది నష్టపరిహారం కాదు, ఇంటిని నివాసయోగ్యం చేసుకునే ఆసరా. గ్రానైటు గట్టు పగిలిందంటే పాత గ్రానైటు ధర ఇవ్వరు.

ప్రశ్న: ఫీమా ఇన్‌స్పెక్టర్‌నంటూ ఒకాయన వచ్చి, తనిఖీకి 50 డాలర్లు కట్టమన్నాడు. ఇవ్వవచ్చా?
కేటీ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఒక్క సెంటు కూడా ఇవ్వకండి. ఫీమా తనిఖీకి రుసుము లేదు. అసలు ఇన్‌స్పెక్టర్ మెడలో ఫోటో ఉన్న గుర్తింపు కార్డు ఉంటుంది, మీ దరఖాస్తు నంబరు ఆయనకు ముందే తెలిసి ఉంటుంది. మీరు చెప్పకండి, ఆయన్నే చెప్పమనండి. చెప్పలేకపోతే తలుపు వేసేసి, పైన ఇచ్చిన నంబరుకే ఫోను చేయండి.