కొట్టంలో దొరికిన యుద్ధకాలపు జీపును ఎలా బయటికి తీయాలి?

రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ జీపు ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే, మొదట చేయకూడని పని బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేయడం. సిలిండర్లలో తుప్పు ఉంటే పిస్టన్ రింగులు విరగొచ్చు. స్పార్క్ ప్లగ్గులు విప్పి, నాలుగు సిలిండర్లలోనూ కాస్త నూనె పోసి, కొన్నాళ్లు నాననిచ్చి ఇంజన్‌ను చేత్తో తిప్పండి. వీటి కరెంటు 6 వోల్టులే, 12 పెడితే బల్బులు మాడతాయి.

బ్రేకులు పట్టేసి ఉంటే బలవంతంగా లాగకుండా డ్రమ్ములు విప్పండి.

ఇక అసలు సరదా: మీ జీపును తయారు చేసింది విల్లీస్ కంపెనీయా, ఫోర్డ్ కంపెనీయా? రేడియేటర్ కింద ఛాసిస్ (బండి చట్రం) అడ్డకమ్మీ గుండ్రటి గొట్టమైతే విల్లీస్, బోర్లించిన ‘యు’ ఆకారంలో ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ బోల్టుల మీద కూడా ‘ఎఫ్’ అక్షరం కొట్టించింది (అంత పట్టింపు!). కాబట్టి తుప్పు బోల్టులైనా పారేయకండి.