పికప్స్ మార్చాలా? ముందు ఫ్యాన్ ఆపి చూడండి

మీరు అడిగింది ఇది: స్ట్రాట్ తరహా ఎలక్ట్రిక్ గిటార్, మూడు పికప్స్ (తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు కాయిల్స్). బ్రిడ్జ్ దగ్గర హంబకర్ (రెండు కాయిల్స్ కలిసి గుయ్యిమనే హమ్‌ని కొట్టేసే పికప్), మిగతా రెండూ సింగిల్ కాయిల్స్ (ఒక్క కాయిల్‌వి). సింగిల్ కాయిల్స్ గుయ్యిమంటున్నాయి, హంబకర్ డిస్టార్షన్‌లో (శబ్దం పగిలేలా మోగించినప్పుడు) ముద్దగా వినిపిస్తోంది. మూడూ మార్చేయాలా, ఏవి కొనాలి, ఇంట్లో నేనే టంకం వేసుకోవచ్చా అని.

మూడూ మార్చకండి. మహా అయితే ఒకటి. ఆ గుయ్యిమనే గోల అసలు పికప్‌ది కాకపోవచ్చు.

విశాఖలో అద్దె గదిలో ఉన్నప్పుడు నా గిటార్‌దీ ఇదే వరస. రెండు నెలలు పికప్స్‌ని తిట్టుకున్నాను. ఒకరోజు చలేస్తోందని ఫ్యాన్ ఆపితే గరగర సగానికి సగం పోయింది! మెట్లు లేకుండా గుండ్రంగా తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటు తరంగాన్ని ముక్కలు చేసి పంపుతుంది, ఆ రొదని సింగిల్ కాయిల్ ఏరియల్‌లా లాగేసుకుంటుంది. టక్ టక్‌మని అంచెలుగా తిరిగే రెగ్యులేటర్లతో ఈ బాధ దాదాపు ఉండదు. మిగిలిన గోల ఎర్త్‌ది. గోడకి మూడు పిన్నుల సాకెట్టే ఉంది గానీ విప్పి చూస్తే పైనున్న పెద్ద రంధ్రం వెనక వైరే లేదు. గిటార్ పట్టుకుని పాడుతున్నప్పుడు మైక్‌కి మూతి తగిలి చురుక్కుమంటే గిటార్ పక్కన పెట్టి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. అది పికప్‌తో తీరేది కాదు, ప్రమాదం కూడా.

ఇంకో రెండు పరీక్షలు, పైసా ఖర్చు లేనివి. గిటార్ మీది స్విచ్‌ని నెక్, మిడిల్ పికప్స్ కలిసి మోగే చోట పెట్టండి. గోల ఒక్కసారిగా తగ్గితే మీ మిడిల్ పికప్ రివర్స్‌లో చుట్టింది, అంతా సవ్యంగానే ఉంది, విడిగా వినిపించే హమ్ సింగిల్ కాయిల్ స్వభావం. తర్వాత తీగల మీద చెయ్యి వేయండి. గోల తగ్గితే మామూలే. చెయ్యి వేస్తే పెరుగుతోందంటే మాత్రం జాక్ దగ్గర రెండు వైర్లూ తారుమారయ్యాయేమో చూడండి.

ఇక ముద్దగా ఉండే హంబకర్. స్క్రూడ్రైవర్‌తో ఎత్తు సరిచూశారా? చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, పోల్ (పికప్ మీద ఒక్కో తీగ కింద కనిపించే లోహపు బొడిపె) మీద నుంచి తీగ కింది అంచు దాకా కొలవండి. సన్న తీగ వైపు 2 మిల్లీమీటర్లు, లావు తీగ వైపు 2.5తో నేను మొదలుపెడతాను. అక్కడినుంచి పావు తిప్పు చొప్పున తిప్పుతూ వినాలి. తీగలు కూడా కొత్తవి వేసి వినండి. సముద్రపు ఊళ్లో నెలకే తుప్పు పట్టిన తీగలతో పికప్‌కి తీర్పు చెప్పడం అన్యాయం.

అప్పటికీ ముద్దగానే ఉంటే కొనండి. కానీ లోటేమిటో మాటల్లో పెట్టుకోండి. నేను 'పవర్ లేదు' అనుకుని కాయిల్ రెసిస్టెన్స్ పదమూడు కిలో ఓమ్స్ దాటిన, సిరామిక్ అయస్కాంతం ఉన్న హై అవుట్‌పుట్ హంబకర్ తెచ్చి వేశాను. ముద్ద ఇంకా చిక్కబడింది. తప్పు దానిది కాదు. ఈ జాతికి పెద్దక్క డిమార్జియో కంపెనీ 1972లో తెచ్చిన సూపర్ డిస్టార్షన్. పెడల్స్ ఇన్ని లేని రోజుల్లో ట్యూబ్ ఆంప్‌ని గట్టిగా తోసి శబ్దం పగిలేలా చెయ్యడం దాని పని. నా దగ్గరున్నది పది వాట్ల ప్రాక్టీస్ ఆంప్, ముందు ఒక డిస్టార్షన్ పెడల్. అప్పటికే పగిలిపోతున్న శబ్దాన్ని ఇంకా తోస్తే ఏమవుతుంది? నాకు కావాల్సింది తీగ తీగా విడిగా వినిపించడం, అంటే కాస్త తక్కువ అవుట్‌పుట్.

ఓమ్స్ అంకె చూసి మోసపోకండి. కాయిల్‌లో చుట్టిన తీగ సన్నగా ఉంటే చుట్లు అన్నే ఉన్నా ఓమ్స్ పెరుగుతాయి. అయస్కాంతం సంగతి ఆ అంకెలో అసలే ఉండదు. ఒకే తీగ, ఒకే అయస్కాంతం ఉన్న రెండింటిని పోల్చుకోవడానికి పనికొస్తుంది, అంతే. రెండోసారి నేను తీసుకున్నది ఆల్నికో 5 అయస్కాంతంతో ఎనిమిది కిలో ఓమ్స్ దగ్గర ఉండే పాఫ్ తరహా. సెత్ లవర్ అనే ఇంజినీరు గిబ్సన్ గిటార్ కంపెనీలో హంబకర్ చేసి 1955లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టారు. అది వచ్చేలోపు పికప్స్ వెనక 'పేటెంట్ అప్లైడ్ ఫర్' అని స్టిక్కర్ అంటించారు, పాఫ్ అన్న పేరు అక్కడిది. ఇది పెట్టాక నా కార్డ్స్‌లో (కలిపి మోగించే స్వరాల్లో) తీగలు విడివిడిగా వినపడ్డాయి.

కొనేముందు స్కేలుతో రెండు చివరల పోల్స్ మధ్య దూరం కొలవండి. 50 మిల్లీమీటర్ల దగ్గరిదా, 52 దగ్గరిదా తేలాలి. పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే తిప్పుడు భాగం) వెనక నంబరు కూడా చూడండి. 250కె (కిలో ఓమ్స్) పాట్ ట్రెబుల్‌ని కొంత తినేస్తుంది, హంబకర్లకి మామూలుగా 500కె వాడతారు. మీ గిటార్‌లో అన్నిటికీ కలిపి ఒకే వాల్యూమ్ పాట్ ఉంటుంది కాబట్టి, 500కె చేస్తే సింగిల్ కాయిల్స్ కాస్త గీరుకున్నట్టు మోగవచ్చు. నేను హైదరాబాద్ వచ్చాక కోఠి గుజరాతీ గల్లీలో 500కె పాట్ కొన్నాను. ఇంటికొచ్చి చూస్తే షాఫ్ట్ గుండు, నా నాబ్‌కి కావాల్సింది మధ్యలో చీలినది. పాత పాట్ జేబులో వేసుకుని వెళ్లండి.

టంకం మీరే వేసుకోవచ్చు. అయితే వైరు రంగులు జాగ్రత్త. సీమోర్ డంకన్ కంపెనీ హంబకర్లలో నలుపు హాట్ (సిగ్నల్ వైరు), ఎరుపు-తెలుపు కలిపి టేప్ చుట్టాలి. డిమార్జియోలో ఎరుపు హాట్, నలుపు-తెలుపు కలపాలి. రెండింటిలోనూ ఆకుపచ్చ, తొడుగు లేని తీగ గ్రౌండ్‌కి పోతాయి. నేను డిమార్జియోకి డంకన్ వైరింగ్ బొమ్మ పెట్టుకుని కలిపాను. పాత ట్రాన్సిస్టర్ రేడియోలా సన్నగా, హమ్ మాత్రం రెట్టింపుగా వచ్చింది. ఒక కాయిల్ తిరగబడి రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయన్నమాట. అర్ధరాత్రి ఒంటిగంటకి గానీ తెలియలేదు. పికప్ పాడైపోయిందనుకుని పట్టిన చెమట ఇప్పటికీ గుర్తుంది.

విప్పేముందు నాలుగు వైపులా ఫొటో తీయండి. స్క్రూలు, స్ప్రింగులు ఒక గిన్నెలో వేయండి. స్ప్రింగు ఎగిరిపడితే మంచం కిందే దొరుకుతుంది. పాట్ వీపు మీద గ్రౌండ్ వైరు అంటించడమే కష్టం. 25 వాట్ల ఐరన్‌తో నేను నిమిషం పైగా పట్టుకుని ఒక పాట్ మాడ్చాను. ముందు ఉప్పుకాగితంతో గీకి, 60 వాట్లదైతే మూడు నాలుగు సెకన్లలో టంకం పారుతుంది. తీగలు ఎక్కించకముందే ఆంప్‌కి పెట్టి, స్విచ్ ఒక్కో చోట ఉంచి స్క్రూడ్రైవర్‌తో పోల్స్ మీద మెల్లగా కొట్టి చూడండి, టక్‌మనాలి. పాత హంబకర్ పారేయకండి, గిటార్ అమ్మేటప్పుడు తిరిగి పెట్టేయవచ్చు.

పిక్‌గార్డ్ విప్పాక పాట్ల వెనక నంబర్లు, హంబకర్ నుంచి వచ్చే వైర్లూ కనిపించేలా ఒక ఫొటో పెట్టండి. ఏ వైరు ఎక్కడికో చూసి చెప్తాను.