నీళ్ల వెంట దిగండి

ప్రశ్న: మా అబ్బాయి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటాడు. సెప్టెంబర్‌లో వాడి దగ్గరికి వెళ్తున్నాం. జర్మనీలోనే ఉన్న కాసెల్ ఊరి చివర హెర్క్యులిస్ విగ్రహం ఉన్న కొండ చూపిస్తానంటున్నాడు. మావారికి మోకాళ్ల నొప్పులు. కొండంటేనే టెన్షన్‌గా ఉంది. వెళ్లొచ్చా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. అయితే ప్రయాణం బుధవారమో ఆదివారమో పెట్టుకోమని అబ్బాయికి ముందే చెప్పండి. మే 1 నుంచి అక్టోబర్ 3 దాకా ఆ రెండు రోజుల్లో, పండగ సెలవుల్లో మాత్రమే మధ్యాహ్నం 2:30కి ఆ కొండ పైన, విగ్రహం కింది రాతిమెట్ల మీదుగా నీళ్లు వదులుతారు. మిగతా రోజుల్లో వెళ్తే పొడి రాతిమెట్లు చూసి రావాల్సిందే.

కాసెల్‌లోని విల్‌హెల్మ్స్‌హోహె స్టేషన్‌లో దిగి 4వ నంబరు ట్రామ్ ఎక్కితే డ్రూసెల్‌టాల్ వస్తుంది. అక్కణ్నుంచి బస్సు విగ్రహం దాకా వెళ్తుంది. ఎక్కే పని లేదు. 1717లో నిలబెట్టిన రాగి విగ్రహం అది. ఎనిమిది మీటర్ల పైనే ఉంటుంది గానీ, కింద అంత పెద్ద కట్టడం ఉండటంతో బొమ్మలా కనిపిస్తుంది. నన్నడిగితే విగ్రహం కన్నా నీళ్లే ముఖ్యం. మోటార్లు, పంపులు ఏమీ లేవు. కొండ మీది చెరువుల్లో నిలవచేసిన నీళ్లు పల్లానికి పారడమే ఆ విద్య అంతా. నల్లటి మెట్ల మీద ముందు సన్నటి ధార కనిపిస్తుంది, చూస్తుండగానే మెట్టు మెట్టూ తెల్లబడుతుంది. ఇక జనమంతా ఊరేగింపు వెంట నడిచినట్టు నీళ్ల వెంటే దిగుతారు. దారిలో స్టైన్‌హోఫర్ జలపాతం, ‘దెయ్యం వంతెన’, అక్విడక్ట్ (ఎత్తైన కమానుల మీద నీళ్లు పారే కాలువ) ఒక్కొక్కటీ వాటి వేళకు మొదలవుతాయి. 3:45కి కింద కొలనులో దాదాపు 50 మీటర్ల ఎత్తుకు నీళ్లు చిమ్ముతాయి, అదీ పైనుంచి వచ్చే నీటి ఒత్తిడి బలంతోనే.

ఇక మీవారి సంగతి. మోకాళ్లకు ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ బాధ, కాబట్టి ఆయన్ను ఆ మెట్ల మీద నడిపించకండి. 1వ నంబరు ట్రామ్‌లో చివరి స్టాప్ దాకా తీసుకెళ్లి, కొండ కింద ఉన్న విల్‌హెల్మ్స్‌హోహె ప్యాలెస్ వెనక, ఆ ఫౌంటెన్ కొలను దగ్గర కూర్చోబెట్టండి. అక్కడిదాకా కాస్త ఎత్తే, మధ్యమధ్య ఆగుతూ వెళ్లొచ్చు. 1870లో అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యాకు యుద్ధంలో చిక్కిన ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్‌ను బందీగా ఉంచింది ఆ ప్యాలెస్‌లోనే. బందిఖానా అయితే అలా ఉండాలి! మీరూ అబ్బాయీ పైనుంచి దిగి 3:45 లోపే ఆయన్ను కలుసుకోండి, ఆలస్యమైతే ఫౌంటెన్ దొరకదు.