పెద్ద టైర్లు కొనే ముందు చక్రం ఎంత పైకి లేస్తుందో చూడు

చిన్నా,

నువ్వు పంపిన ఫొటోలు రాత్రి రెండు మూడుసార్లు చూశాను. స్నేహితుడి టైర్లు తెచ్చి నీ ఇసుజు వీ-క్రాస్ పికప్‌కి బిగించి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోంచి బయటికి తిప్పేసరికి గర్రుమని రాసుకుందన్నావు కదా, ఆ మరకలు ముందు చక్రం గూటిలో, వెనక మూల మీదే ఉన్నాయి. చాలా పికప్‌లకు మొదట తగిలేది అక్కడే. షాపతను బండిని సస్పెన్షన్ మీద పైకి లేపే లిఫ్ట్ రెండు అంగుళాలది వేస్తే చాలు, ఏమీ కోయక్కర్లేదు అన్నాడని రాశావు. ఆ మాట నమ్మి డబ్బు కట్టకు.

లిఫ్ట్ వేస్తే బండి ఆగి ఉన్నప్పుడు టైరుకీ దాని పైనున్న రేకు, అదే ఫెండర్‌కీ మధ్య ఖాళీ పెరుగుతుంది, చూడ్డానికి బాగుంటుంది, అడుగున రాళ్లు తగలడం తగ్గుతుంది. అంతవరకు నిజమే. కానీ గుంతలో పడ్డప్పుడో, ఒక చక్రం బండ మీదికి ఎక్కినప్పుడో స్ప్రింగ్ పూర్తిగా నొక్కుకుంటుంది, అప్పుడు చక్రం ఎంత పైకి వెళ్లాలో తేల్చేది బంప్ స్టాప్ అనే చిన్న రబ్బరు ముక్క. లిఫ్ట్ వేసినా ఆ రబ్బరు సాధారణంగా ఉన్నచోటే ఉంటుంది, కాబట్టి చక్రం మళ్లీ పాత ఎత్తుకే వెళ్తుంది, ఈసారి పెద్ద టైరుతో. బండి నిలబడి ఉన్నప్పుడు కనిపించే ఖాళీ చూసి టైరు ఎంచుకున్నవాళ్లంతా తర్వాత గ్రైండర్ పట్టుకోవాల్సి వచ్చింది.

ముందు లెక్క చూద్దాం. నీ బండికి ఇప్పుడున్నది 255/60 ఆర్18. అంటే వెడల్పు 255 మిల్లీమీటర్లు, అందులో 60 శాతం సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ ఎత్తు, మధ్యలో 18 అంగుళాల రిమ్ము. పైనా కిందా రెండు సైడ్‌వాల్‌లు, రిమ్ము మొత్తం కలిపితే దాదాపు 763 మిల్లీమీటర్ల ఎత్తు. నువ్వు అడుగుతున్న 285/65 ఆర్18 దాదాపు 828 వస్తుంది. తేడా 65 అంటే యాక్సిల్ నుంచి పైకి 32, అడ్డంగా ఇంకో 30. అదే 265/65 ఆర్18 తీసుకుంటే ఎత్తు 802, పైకి పెరిగేది 19, అడ్డంగా 10 మాత్రమే. నా మాట వింటే 265/65 దగ్గర ఆగిపో. దానికి సుత్తి, హీట్ గన్‌తో ఒక రోజు పని, ఒక్కోసారి అది కూడా ఉండదు. 285 అంటే బాడీని చాసిస్‌కి పట్టి ఉంచే మౌంట్ బ్రాకెట్ దాకా కోసి, లోపల ప్లేటు పెట్టి వెల్డింగ్ చేయాల్సి రావచ్చు. నువ్వు నెలకోసారి అనంతగిరి వైపు, ఏడాదికోసారి ఇంకొంచెం దూరం వెళ్తావు, అంతేగా. దానికోసం బండి బరువు మోసే ఇనుమును కోయడం నాకు ఇష్టం లేదు.

ఇంకో సంగతి. బయటికి పొడుచుకొచ్చే రిమ్ములు, రిమ్మును బయటికి జరపడానికి వెనక పెట్టే స్పేసర్లు వద్దు. రిమ్ము బయటికి జరిగితే లోపల ఖాళీ దొరుకుతుందని అనిపిస్తుంది గానీ, స్టీరింగ్ తిప్పినప్పుడు టైరు ఇంకా పెద్ద వంపు తిరుగుతుంది, బంపర్ మూలకీ వెనక అంచుకీ మరింత గట్టిగా తగులుతుంది. పైగా ఫెండర్ దాటి బయటికి వచ్చిన టైరు వెనక వచ్చే బైకు మీదికి రాళ్లు విసురుతుంది.

ఇక పరీక్ష ఎలా చేయాలో చెప్తాను, ఇదొక్కటి సరిగ్గా చేస్తే సగం పని అయిపోయినట్టే. సమతలంగా ఉన్న చోట బండిని జాకీతో లేపి చాసిస్ కింద స్టాండ్లు పెట్టు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరకు, అది ఎవరికైనా చెప్తాను, నీకు రెండుసార్లు చెప్తున్నాను. ఒకవైపు ముందు షాక్, స్ప్రింగ్ కలిసి ఉన్న స్ట్రట్‌ని విప్పించు, స్ప్రింగ్ జోలికి పోకుండా మొత్తంగా దించాలి. కొత్త సైజు టైరు బిగించి, చక్రాన్ని చాసిస్‌కి కలిపే కింది ఆర్మ్ కింద జాకీ పెట్టి నెమ్మదిగా లేపుతూ వెళ్లు, బంప్ స్టాప్ తగిలేదాకా. ప్రతి అంగుళానికీ ఆగి స్టీరింగ్‌ను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిప్పు. టైరు భుజాల మీద సుద్ద రాస్తే తగిలిన చోట తెల్ల గీత పడుతుంది. బ్రేక్ హోస్, ఏబీఎస్ సెన్సర్ వైరు సాగిపోతున్నాయేమో చూస్తూ ఉండు. రెండో వైపు కూడా చూడు, రెండూ ఒకేలా ఉండవు. టైరు కొనక ముందే ఇదంతా చేయాలి, అందుకే ఆ స్నేహితుడి టైర్లు అప్పుడే తిరిగి ఇచ్చేయకు.

అన్నట్టు, నీ సెల్లార్ ర్యాంపే మంచి పరీక్ష. ర్యాంపు ఎక్కుతూ స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ఒక పక్క స్ప్రింగ్ నొక్కుకుంటుంది, చక్రం తిరుగుతుంది, రెండూ ఒకేసారి. రివర్స్‌లో కూడా చెయ్యి. ముందుకు వెళ్తే తగలని టైరు వెనక్కి వస్తే తగలొచ్చు.

తగలకపోతే చాలు అనుకోవద్దు. వికారాబాద్, తాండూరు వైపు నల్లరేగడిలో వర్షం పడ్డాక వెళ్తే మట్టి టైరుకు జిగురులా అంటుకుని రెండు వేళ్ల మందం పేరుకుంటుంది. పొడి రోడ్డు మీద పది మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే అక్కడ అది సరిపోదు, చక్రం గూటి లోపలుండే ప్లాస్టిక్ తొడుగు, అదే లైనర్‌ని మట్టే పీకి పడేస్తుంది. 20 మిల్లీమీటర్లయినా ఉండేలా చూసుకో.

ఇప్పుడు కోయడం సంగతి. ఎప్పుడూ తక్కువ నుంచి మొదలుపెట్టు. మొదట మడ్ ఫ్లాప్ తీసి చూడు, చాలాసార్లు తగిలేది అదే. తర్వాత లైనర్. దాన్ని కోసి పారేయమంటారు, వద్దు. హీట్ గన్‌తో మెత్తబడే దాకా వేడి చేసి, చెక్క ముక్కతో వెనక్కి నొక్కి, చల్లారేదాకా పట్టుకుంటే ఆ ఆకారంలోనే నిలుస్తుంది. ఇంకా తగిలితే బంపర్ కింది మూల, అది ప్లాస్టిక్కే, మార్కర్‌తో గీత గీసి కొంచెం కొంచెంగా కోయాలి, రెండు వైపులా ఒకే కొలత రావాలి. కోసిన ముక్కను తిరిగి అతికించలేవు, అందుకని ఒక్కసారికి ఐదు మిల్లీమీటర్లు, మళ్లీ టైరు తిప్పి చూడటం, మళ్లీ ఐదు.

లైనర్ ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. చాలా ఏళ్ల క్రితం ఆటోనగర్‌లో ఒక షెడ్డులో నా పాత పికప్‌కి పని చేయించాను. అక్కడి కుర్రాడు లైనర్ మొత్తం పీకేసి, లోపలి రేకు అంచును గ్రైండర్‌తో శుభ్రంగా కోసేశాడు, చాలా నీట్‌గా కనిపించింది. ఒక్క వానాకాలం గడిచింది. టైరు విసిరిన బురద హెడ్‌లైట్ వైరింగ్ జాయింట్‌లోకి వెళ్లి, సాగర్ రోడ్డు మీద రాత్రి ఒక లైటు ఆరిపోయింది. ఆ తర్వాత కోసిన అంచు దగ్గర రేకులు విడిపోయి తుప్పు పట్టి, డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ తడిసిపోయింది. మీ పిన్ని పక్క సీట్లో కూర్చుని ఏదో కుళ్లిన వాసన వస్తోందంటే అప్పుడు చూశాను. దాన్ని సరిచేయడానికి మొదటి ఖర్చుకు మూడింతలు అయింది.

ఆ అంచే అసలు జాగ్రత్తగా చేయాల్సింది. లైనర్ తీస్తే, గూటి వెనక మూలలో రెండు రేకులు కలిసి టైరు వైపు పొడుచుకొచ్చిన పెదవి ఒకటి కనిపిస్తుంది. ఆ రెండింటినీ స్పాట్ వెల్డింగ్‌తో కలుపుతారు, క్యాబిన్ గట్టిదనం కొంత దానిమీదే ఉంటుంది. దాన్ని కోయకూడదు, మడవాలి. అతుకులోకి నీళ్లు దిగకుండా పైన పూసిన సీలర్‌ని గీకి తీసి, బరువైన సుత్తితో వెనక్కి, రేకుకు అతుక్కునేలా కొట్టాలి. వంపు దగ్గర మడత పడకపోతే ఒకటి రెండు చిన్న గాట్లు పెట్టొచ్చు, అంతకు మించి వద్దు. తర్వాత పగిలిన పెయింటు అంతా రుద్ది, జింక్ ప్రైమర్, దానిమీద సీమ్ సీలర్, పెయింటు, చివర రబ్బరు అండర్‌బాడీ కోటింగ్. ఈ నాలుగూ అదే రోజు మొదలవ్వాలి, వచ్చే వారం చేద్దాం అంటే ఒప్పుకోకు.

గ్రైండర్ ఆన్ చేసే ముందు అద్దాల మీద తడి గోనె కప్పించు, ఆ నిప్పురవ్వలు అద్దంలోకి దిగితే మచ్చలు పోవు. వెల్డింగ్ ఏదైనా చేయాల్సి వస్తే బ్యాటరీ తీగలు విప్పాల్సిందే. నువ్వు అక్కడే నిలబడు, టీ తాగి వస్తానని వెళ్లిపోకు.

వెనక చక్రాల గురించి పెద్దగా టెన్షన్ అక్కర్లేదు, అవి స్టీరింగ్‌తో పక్కకు తిరగవు, కమాన్ కట్టల మీద పైకి కిందికి మాత్రమే వెళ్తాయి. లోపల కమాన్‌కీ టైరుకీ మధ్య వేలు దూరుతుందో లేదో చూడు చాలు. స్టెప్నీ మాత్రం మర్చిపోకు, పెద్ద టైరు కింద దాని చోట పట్టాలి కదా.

చట్టం సంగతి కూడా దాచను. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పెట్టారు. అందుకని పని మొదలుపెట్టక ముందే ఆర్టీఏ ఆఫీసులో అడుగు, ఇన్సూరెన్స్ వాళ్లకు మెయిల్ రాసి జవాబు రాతపూర్వకంగా తీసుకో. వాళ్లు కుదరదంటే ఆగిపో. ప్రమాదం జరిగాక క్లెయిమ్ ఇవ్వం అంటే మీ అమ్మానాన్నలు తట్టుకోలేరు, నువ్వు ఇంకా లోన్ కడుతున్నావు.

టైరు మారాక బండి కూడా మారుతుంది. 265/65తో స్పీడోమీటర్ ఇప్పటికంటే ఐదు శాతం తక్కువ చూపిస్తుంది, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇప్పుడు 105 చూపించే వేగానికి అప్పుడు ముల్లు 100 దగ్గరే ఉంటుంది. టైరు బరువు పెరగడంతో బండి వేగం అందుకోవడం నెమ్మదిస్తుంది, మైలేజీ తగ్గుతుంది, బ్రేకు పట్టడానికి ఇంకొంచెం దూరం కావాలి. టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె, లోడ్ ఇండెక్స్, పాత టైరు కంటే తగ్గకూడదు. బిగించిన వంద కిలోమీటర్లకు నట్లు సరైన బిగువులో ఉన్నాయో లేదో మళ్లీ టార్క్ రెంచితో చూపించు, అలైన్‌మెంట్ తప్పనిసరి.

నువ్వు టైర్లకు అడ్వాన్స్ ఇచ్చేశావని మీ అక్క చెప్పింది. ఈరోజే ఫోన్ చేసి 285 కాదు, 265 కావాలని చెప్పు. ఆదివారం పొద్దున్నే బండి తీసుకుని ఇంటికి రా, రెండు స్టాండ్లు, టార్క్ రెంచి నా దగ్గరున్నాయి, సుద్దముక్కలు నువ్వు తెచ్చుకో.

మీ బాబాయ్