వేలం జోంగా మీద పాత మిలిటరీ రాతలు ఎలా బయటికి తీయాలి? అది 83యా, 88యా?

రాయగడ నుంచి అడిగినాయన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. చేతులు మారి వచ్చిన మిలిటరీ జోంగా, అంటే సైన్యం వాడిన జీపులాంటి బండి ఒకటి కొన్నారు. వెనక డోరు మీద రంగు కింద అంకెలు చేతికి తగులుతున్నాయి. సంవత్సరం 83 అని ఒకరు, 88 అని ఇంకొకరు అంటున్నారు. ఆ రాతలు ఎలా బయటికి తీయాలి, వాటి అర్థం ఏంటి, మళ్ళీ అలాగే రాయించుకుని రోడ్డు మీద తిప్పొచ్చా?

మాది బరంపురం. నా దగ్గర ఉన్నదీ జోంగాయే. గుణుపురం వైపు ఒక కాంట్రాక్టరు దగ్గర కొన్నేళ్ళు సిమెంటు బస్తాలు మోసి, నడుం విరిగాక నా చేతికొచ్చింది. మా నాన్న ఇక్కడే రైస్ మిల్లులో గోనెసంచుల మీద మార్కా వేసేవారు. కాబట్టి రేకూ కుంచే నాకు చిన్నప్పటి నుంచీ తెలిసినవేనని ఒక గర్వం ఉండేది. ఆ గర్వంతోనే మొదట బానెట్ పాడుచేశాను. గ్రైండరుకి ఎమ్రీ బిళ్ళ తగిలించి పాత రంగంతా లేపేస్తుంటే ఆకుపచ్చ దుమ్ములో తెల్ల దుమ్ము వచ్చింది. ఆ తెలుపేంటా అని మిషన్ ఆపి చూసేసరికి ఒక్క అంకె తోక మిగిలింది. మిగతా నంబరంతా నా చొక్కా మీద ఉంది.

అందుకని ముందు ఒకటి చెప్తాను: బండిని ఇప్పుడే పెయింటరుకి అప్పగించకండి. మనవైపు పెయింటర్లు మంచి పనివాళ్ళే, కాని వాళ్ళకి పాత రంగంటే పడదు. ఇనుము తెల్లగా మెరిస్తే గాని పని చేసినట్టు అనిపించదు వాళ్ళకి.

మొదటి పని రాత్రి చేయాలి. వెనక డోరు మీద రాతలు నాకు కరెంటు పోయినప్పుడే దొరికాయి. ఫోన్ టార్చి వేసుకుని రెంచి వెతుకుతున్నాను. ఫోను డోరు రేకుకి దాదాపు ఆనుకుని ఉంది, వెలుగు రేకు మీద నేలబారుగా పడుతోంది. పగలంతా నున్నగా కనిపించిన ఆకుపచ్చ మీద ఒక్కసారిగా 7 లేచింది, దాని పక్కన సగం చెరిగిన 4. ఎదురుగా వెలుగు వేస్తే ఏమీ లేదు. పక్కనుంచి వేస్తే మాత్రం ప్రతి అంచుకీ వెంట్రుకంత నీడ పడుతుంది. స్టెన్సిల్ మీద వేసిన రంగు అంచుల దగ్గర చిన్న గట్టులా నిలబడుతుంది. దాని మీద ఎన్ని కోట్లు వేసినా ఆ గట్టు పూర్తిగా పోదు. టార్చిని నాలుగు దిక్కుల నుంచీ మార్చి మార్చి పెట్టి, ప్రతిసారీ ఫొటో తీయండి. పక్కన స్కేలు అంటించి తీస్తే తర్వాత కొలతకి పనికొస్తుంది. ఆ తర్వాత బటర్ పేపర్ పెట్టి, చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి రుద్దినట్టు, పెన్సిల్ అడ్డంగా పట్టుకుని రుద్దండి. చాలాసార్లు దీంతోనే పని అయిపోతుంది, రంగు గీకే అవసరమే రాదు.

గీకాల్సి వస్తే చేత్తోనే, నీళ్ళతోనే. 600 నంబరు వాటర్ పేపరు, బకెట్లో రెండు చుక్కల సబ్బు, చిన్న రబ్బరు ముక్క. ముందు అక్షరాలు లేని మూల ఒక రూపాయి బిళ్ళంత మేర గీకి చూడండి. నా బండి మీద తుప్పు పట్టకుండా అడుగున వేసే రెడ్ ఆక్సైడ్, దాని మీద ఆకుపచ్చ, మళ్ళీ కొంచెం వేరే ఆకుపచ్చ, చెట్టు కోస్తే కనిపించే వలయాల్లా వరసగా బయటపడ్డాయి. ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే యూనిట్లో బండికి ఇంకో కోటు పడేదని మా వీధిలో ఉండే రిటైర్డు హవల్దారు గారు చెప్పారు. ఆయన సైన్యంలో బండ్లు రిపేరు చేసే ఈఎంఈ విభాగంలో చేశారు, సొంతూరు సోంపేట వైపు.

ఇక్కడ ఒక చిక్కుంది. అక్షరం చుట్టుపక్కల కన్నా ఎత్తుగా ఉంటుంది కాబట్టి పేపరు ముందు దాన్నే తాకుతుంది. అందువల్ల అక్షరం మీది రంగే ముందు పోయి తెలుపు కనిపిస్తుంది. మనకి సంబరం. ఇంకో పది సార్లు రుద్దితే ఇంకా బాగా కనిపిస్తుందనుకుంటాం. ఆ పదితో తెలుపు కూడా పోయి కింది ఆకుపచ్చ వచ్చేస్తుంది. తెలుపు మసగ్గా, పాలలో నీళ్ళు కలిపినట్టు కనిపించగానే చెయ్యి తీసేయాలి. థిన్నర్ గుడ్డతో తుడిచేయమని చెప్పేవాళ్ళు కూడా దొరుకుతారు. పై కోటేదో కింది కోటేదో థిన్నర్‌కి తెలీదు, అన్నింటినీ కలిపి ముద్ద చేస్తుంది.

మాస్కు పెట్టుకోండి, పొడిగా గీకకండి. ఇళ్ళకి వేసే రంగుల్లోనే సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఎనభైల నాటి బండి రంగులో సీసం ఉందనుకునే పని మొదలుపెట్టాలి. గీకిన నీళ్ళు పెరట్లో కరివేపాకు చెట్టుకి పోయకండి.

ఇప్పుడు అర్థాలు. పెద్ద నంబరు మొదట్లో పైకి చూసే బాణం ఉంటుంది. అది బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచి వచ్చిన గుర్తు, సర్కారు సొత్తు అని చెప్పడానికి. తర్వాత రెండు అంకెలు సైన్యం బండిని తీసుకున్న సంవత్సరం, తర్వాత ఒక అక్షరం, వరస సంఖ్య, చివర ఇంకో అక్షరం. వీటికి ఆర్టీవో నంబరు ఉండదు. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 60 రక్షణ శాఖ బండ్ల కోసం వేరుగా ఉంది. జోంగా అన్న పేరే జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ అన్న మాటల్లోంచి కూర్చింది. నిస్సాన్ ప్యాట్రోల్ అనే జీపు నమూనా మీద 1969 నుంచి 1999 దాకా జబల్‌పూర్‌లో తయారైంది. కాబట్టి మీకు 83 అయినా 88 అయినా లెక్క సరిపోతుంది. ఎవరైనా జోంగా అమ్ముతూ 06 అని రాసిన నంబరు చూపిస్తే మాత్రం కొంచెం ఆలోచించండి.

చక్రాల పైన టీపీ అని పక్కన అంకె ఉంటే అది టైరు గాలి, పౌండ్లలో. ముందు పసుపు గుండ్రం, అందులో నల్ల అంకె ఉంటే అది బ్రిడ్జి క్లాసు. బండి బరువుని బట్టి ఆ అంకె ఇస్తారు, వంతెన దగ్గర కాపలా ఉన్నవాడు ఒక్క చూపులో ఈ బండిని పంపాలో ఆపాలో తేల్చుకోవడానికి. బండి వెనక్కి వెళ్ళి వంగి చూడండి, యాక్సిల్ మధ్య డిఫరెన్షియల్ గుండు మీద తెల్ల రంగు ఆనవాలు ఉండొచ్చు. నేను మొదట అదేదో పుట్టీ అనుకుని గీకబోయాను. రాత్రి కాన్వాయ్‌లో హెడ్‌లైట్లు ఆర్పేసి నడిచేటప్పుడు, కింద ఉన్న చిన్న దీపం ఆ తెల్ల గుండు మీద పడుతుంది. వెనక డ్రైవరు దాన్ని చూసుకుంటూ వస్తాడు. పైనుంచి చూసేవాడికి ఏమీ కనపడదు. ఇది చెప్పినప్పుడు హవల్దారు గారు నేల మీద కూర్చుని, రెండు చేతులూ స్టీరింగు పట్టుకున్నట్టు పెట్టి, కళ్ళు చికిలించి చూపించారు.

మీది జోంగా కాకుండా యుద్ధకాలం నాటి విల్లిస్ జీపు అయితే లెక్క వేరు. అమెరికా సైన్యం జీపు నంబర్లు 20తో మొదలై బానెట్ పక్కల ఉంటాయి. చివర ఎస్ ఉంటే, ఇంజన్ నిప్పురవ్వలు రేడియోకి అడ్డు రాకుండా ఏర్పాటు చేసిన బండి అని. బ్రిటిష్ సైన్యం చేతుల్లో తిరిగిన జీపు నంబరు ముందు ఎం ఉంటుంది. ఒకే బానెట్ మీద ఒకదాని కింద ఒకటి రెండూ దొరకొచ్చు.

యూనిట్ అంకె ఉన్న రంగు చదరం, ఆ యూనిట్ ఏ పెద్ద దళం కిందదో చెప్పే ఫార్మేషన్ గుర్తు మాత్రం నా బండి మీద చెరిపేసి ఉన్నాయి. ఖాళీగా ఉంటే బాగోలేదని నేను ఫోన్లో ఒక ఫొటో చూసి గుర్తు ఒకటి దించాను. మా వీధి వాళ్ళంతా బాగుందన్నారు. హవల్దారు గారు ఒక్కరే నిలబడి చాలాసేపు చూశారు. “ఏటి బాబూ ఇది? పక్కింటోడి ఇంటిపేరు ఎట్టుకున్నట్టుంది” అన్నారు. ఆ సాయంత్రమే తుడిచేశాను. ఆధారం దొరికిన చోటే రాయండి, దొరకని చోటు ఖాళీగా వదిలేయండి.

ఆధారం దొరికినా ఒకసారి ఆలోచించాలని నాకు పెట్రోలు బంకులో తెలిసింది. ట్యాంకు మూత పక్కన పెట్రోల్ అన్న స్టెన్సిల్ చక్కగా దొరికింది. అక్షరాల ఎత్తు కొలిచి, రేకు కోసి, అచ్చం అలాగే వేశాను. జోంగాకి ఫ్యాక్టరీలో వచ్చింది దాదాపు నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజనే. కాని కాంట్రాక్టరు ఖర్చు భరించలేక ఎప్పుడో డీజిల్ ఇంజన్ ఎక్కించాడు. ఒకరోజు నేను పక్కన ఫోన్ మాట్లాడుతుంటే బంకు కుర్రాడు ఆ రాత చదువుకుని ట్యాంకులో పెట్రోలు పట్టేశాడు. వాడి తప్పేముంది? బండి మీద రాసిందే చేశాడు. స్టార్ట్ చేయకముందే బిల్లు చూశాను కాబట్టి సరిపోయింది. బండిని నలుగురం తోసుకుంటూ షెడ్డుకి తీసుకెళ్ళి ట్యాంకంతా దించాం. ఇప్పుడు అక్కడ డీజిల్ అని ఉంది, అదే సైజు, అదే రేకు పద్ధతి. టైరు గాలి కూడా అంతే. మీరు ఇప్పుడు వేసిన టైర్లకి ఎంత కావాలో అదే రాయండి.

రాసే పద్ధతి గురించి ఒక్కటే చెప్తాను, ఇది మా నాన్న విద్య. స్టెన్సిల్‌కి పాత ఎక్స్‌రే ఫిల్మ్ బాగుంటుంది, బ్లేడుకి చక్కగా తెగుతుంది, మళ్ళీ మళ్ళీ వాడొచ్చు. పొట్టి గుండ్రటి కుంచె, బిరుసు వెంట్రుకలది. రంగులో కొసని మాత్రం ముంచి, ముందు అట్టముక్క మీద పొడిచి పొడిచి దాదాపు పొడిగా చేసుకోవాలి. రాయకూడదు, పొడవాలి. గీతలా లాగితే రంగు రేకు కిందకి పాకి 8 కాస్తా గుమ్మడికాయ అవుతుంది. నాన్న కుంచె ఆరిపోయిందని నేననుకున్నప్పుడే సంచి మీద మొదలుపెట్టేవారు. “కుంచె ఏడవకూడదురా” అనేవారు. మెరిసే ఎనామిల్ వద్దు, మ్యాట్ తెలుపు తీసుకోండి. స్ప్రే చేయించే ఉద్దేశం ఉంటే వానాకాలం దాటనివ్వండి. గాలిలో తేమకి ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) స్ప్రే రంగు పాలిపోతుంది, మా సముద్రపు గాలికైతే చెప్పక్కర్లేదు.

రోడ్డు సంగతి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నిబంధన ప్రకారం రక్షణ శాఖ బండ్లకి తప్ప ఇంకెవరికీ ఆలివ్ గ్రీన్ రంగు ఉండకూడదు. నేను ఇది తెలియక ఆలివ్ గ్రీన్‌లోనే ఫిట్‌నెస్‌కి తీసుకెళ్ళాను. బ్రేక్ ఇన్‌స్పెక్టరు దిగి కూడా చూడలేదు, “రంగు మార్చి తీసుకురా” అని చెయ్యి ఊపారు. ఎండలో అంత దూరం నడిపినందుకు కోపం వచ్చింది గాని, ఆయన చెప్పింది సరైనదే. బాణం నంబరు కూడా అంతే. బయటి రిజిస్ట్రేషన్ అయ్యాక నంబరు ప్లేటు మీద మామూలు నంబరే ఉండాలి. నేను బయటంతా బూడిద రంగు వేయించి, ఆర్‌సీలో రంగు రాయించాను. వెనక డోరు మీద దొరికిన పాత అంకెల చోటు మాత్రం జానెడు మేర గీకకుండా, క్లియర్ కోటు వేసి వదిలేశాను. పక్కనే నిజమైన నంబరు ప్లేటు ఉంది కాబట్టి ఎవరూ తికమక పడరు. టీపీ, పసుపు గుండ్రం బయట వేసే బదులు బానెట్ లోపలి వైపు అన్నింటినీ వరసగా వేసుకున్నాను. బానెట్ ఎత్తినవాళ్ళకి కనిపిస్తాయి, అది చాలు నాకు.

చివరగా మీ 83, 88 తగాదా. స్టెన్సిల్ రేకులో 8 కోయాలంటే మధ్యలోని రెండు గుండ్రాలు ఊడిపోకుండా సన్నని పట్టీలు వదలాలి. ఆ పట్టీలు ఉన్నచోట రంగు పడదు, గీత తెగినట్టు ఉంటుంది. 3కి లోపల మూసుకున్న గుండ్రం లేదు, దానికి పట్టీ అక్కర్లేదు. కాబట్టి ముందున్న 8లో గీత ఎక్కడెక్కడ తెగిందో చూసి, రెండో అంకెలో కూడా అదే ఎత్తులో తెగిందేమో టార్చి పక్కకి పెట్టి చూడండి. తెగితే 88. తెగకుండా ఎడమ పక్క నున్నగా ఉంటే 83. రెండు 8లూ ఒకేలా లేకపోతే అది స్టెన్సిలే కాదు, ఎవరో చేత్తో రాసింది. అప్పుడు చాసిస్ ప్లేటు చూడాల్సిందే. గీకడం మొదలుపెట్టక ముందు ఆ ఫొటో ఒకటి ఇక్కడ పెట్టండి, హవల్దారు గారికి కూడా చూపిస్తాను.