కౌంటీకి ఎంపికైతే జీతం వస్తుందా?

ప్రశ్న: మేము పన్నెండేళ్లుగా డబ్లిన్‌లో ఉంటున్నాం. నాది సాఫ్ట్‌వేర్, మా ఆవిడ నర్సు. మా అబ్బాయి సెకండరీ స్కూల్లో ఫిఫ్త్ ఇయర్. ఎనిమిదో ఏట నుంచి మా ఏరియా క్లబ్‌లో గేలిక్ ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. ఈ ఏడాది కౌంటీ మైనర్ ప్యానెల్‌కి (మన లెక్కలో జిల్లా కుర్రాళ్ల జట్టుకి) పిలిచారు. అప్పట్నుంచి పుస్తకం ముట్టడం లేదు. ‘కౌంటీకి ఆడతా, అదే నా కెరీర్’ అంటున్నాడు. ఇందులో సంపాదన ఎంత? స్కూలు చివరి పరీక్ష లీవింగ్ సర్ట్ అయ్యేదాకా ఆట మాన్పించమంటారా?

జవాబు: ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. జీతం సున్నా. కౌంటీ అనగానే మనవాళ్లకి ఇంగ్లండ్ కౌంటీ క్రికెట్, అక్కడి కాంట్రాక్టులు గుర్తొస్తాయి. ఇక్కడ కాంట్రాక్టు లేదు, వేలం లేదు. 1884లో టిప్పరరీ కౌంటీలోని థర్ల్స్ పట్టణంలో, ఒక హోటల్లో జరిగిన సమావేశంలో పుట్టిన జీఏఏ (గేలిక్ ఆటల్ని నడిపే సంఘం) నేటికీ అమెచ్యూర్ సంస్థే. డబ్లిన్ క్రోక్ పార్క్ స్టేడియంలో 82 వేల మంది ముందు ఆల్ ఐర్లాండ్ (కౌంటీల మధ్య జరిగే దేశ చాంపియన్‌షిప్) ఫైనల్ ఆడిన కుర్రాడు కూడా సంబరాలు ముగిశాక ఆఫీసుకో, బడికో, హాస్పిటల్ డ్యూటీకో వెళ్లాల్సిందే. సీనియర్ కౌంటీ ఆటగాళ్లకి ప్రయాణ ఖర్చులు, ప్రభుత్వం ఏటా ఇచ్చే కొద్దిపాటి గ్రాంటు, కిట్టు దక్కుతాయి. బాగా పేరున్న కొద్దిమందికి యాడ్లు వస్తాయి. వాటితో డబ్లిన్‌లో ఇంటి అద్దె కట్టలేరు.

కాబట్టి ‘చదువా, ఆటా’ అని మీ ఇంట్లో నడుస్తున్న వాదనే తప్పు దారిలో ఉంది. ఈ ఆటలో పైదాకా వెళ్లినవాళ్లందరికీ వేరే ఉద్యోగం ఉంటుంది. మీవాడు తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఏ ఉద్యోగమైతే ఆటని బతకనిస్తుంది?

డబ్లిన్‌నే తీసుకోండి. 2015 నుంచి 2020 దాకా వరసగా ఆరు ఆల్ ఐర్లాండ్‌లు గెలిచిన జట్టు. 2023లో మళ్లీ గెలిచినప్పుడు స్టీఫెన్ క్లక్స్‌టన్, జేమ్స్ మెకార్తీ, మైకేల్ ఫిట్జ్‌సైమన్స్ ముగ్గురూ తొమ్మిదేసి మెడళ్లతో చరిత్రకెక్కారు. అప్పటికి 41 ఏళ్లున్న గోల్‌కీపర్ క్లక్స్‌టన్ స్కూల్ టీచర్. ఫిట్జ్‌సైమన్స్ డాక్టర్. ఇక కెర్రీ కౌంటీకి ఆడే డేవిడ్ క్లిఫర్డ్. 2017 మైనర్ ఫైనల్లో ఒక్కడే 4 గోల్స్, 4 పాయింట్లు కొట్టాడు. ఈ తరంలో అతన్ని మించినవాడు లేడని చాలామంది మాట. అతనూ కిల్లార్నీలో టీచరే.

ఇందరు టీచర్లు ఊరికే అవలేదు. సెకండరీ స్కూళ్లకి జూన్ మొదట్లోనే సెలవులిచ్చేస్తారు. సీనియర్ చాంపియన్‌షిప్ వేడెక్కేది జూన్‌లో, ఫైనల్ జులై నెలాఖర్లో. సాయంత్రం ప్రాక్టీసుకి నాలుగింటికే బయల్దేరొచ్చు. మేయో కౌంటీకి ఆడుతూ డబ్లిన్‌లో ఆఫీసు ఉద్యోగం చేసే కుర్రాడి పరిస్థితి ఊహించుకోండి. మధ్యాహ్నమే పర్మిషన్ అడిగి బయటపడాలి. ఒక కార్లో నలుగురు, ఒళ్లో డబ్బాలో తెచ్చుకున్న చికెన్, అన్నం. కాసిల్‌బార్ చేరేసరికి మూడు గంటలు. ప్రాక్టీసయ్యాక మళ్లీ అంతే దూరం వెనక్కి. గదికి చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది, పొద్దున తొమ్మిదికి స్టాండప్ కాల్. సీజన్లో జిమ్ముతో కలిపి వారానికి నాలుగైదు రోజులు ఆటకే పోతాయి. మీ అబ్బాయి డబ్లిన్‌వాడే గనుక ఈ ప్రయాణం తప్పింది, అది చిన్న అదృష్టమేం కాదు.

డాక్టరు కావాలని మీకుంటే (తెలుగు ఇళ్లలో ఆ కోరిక లేకుండా ఎందుకుంటుంది!) ఫిట్జ్‌సైమన్స్‌తో పాటు జాక్ మెకాఫ్రీ పేరూ చెప్పండి. 2015లో ఫుట్‌బాలర్ ఆఫ్ ద ఇయర్, డాక్టర్ కూడా. అయితే అతను 2020లో కౌంటీ జట్టు నుంచి తప్పుకున్నాడు, 2023 సీజన్‌కి తిరిగొచ్చాడు. నైట్ డ్యూటీలు చేసే జూనియర్ డాక్టరుకి కౌంటీ ఆట మోయడం తేలిక కాదు. ఫిజియోథెరపీ, స్పోర్ట్స్ సైన్స్ కూడా చూడండి. ప్రైమరీ టీచరు కావాలంటే మాత్రం ఐరిష్ భాష మంచి మార్కులతో ఉండాలి. మీవాడు స్కూల్లో ఐరిష్ చదవకుండా మినహాయింపు తీసుకుని ఉంటే ఆ దారి దాదాపు మూసుకున్నట్టే. సెకండరీకి ఆ చిక్కు లేదు.

కౌంటీ పిలుపు రాగానే క్లబ్‌ని చిన్నచూపు చూడొద్దని కూడా అబ్బాయికి చెప్పండి. కౌంటీ జెర్సీ ఎంత గొప్పదైనా కొన్నేళ్ల ముచ్చట. మైనర్ ప్యానెల్లో ఉన్నవాళ్లందరూ అండర్-20కి రారు, అక్కడివాళ్లలో సీనియర్‌కి చేరేది కొద్దిమందే. క్లబ్ అలా కాదు, నలభై దాటినా ఏదో ఒక టీమ్‌లో పిలిచి ఆడిస్తారు. క్లిఫర్డ్ 2022 జులైలో కెర్రీకి ఆల్ ఐర్లాండ్ గెలిచాడు. ఆర్నెల్లు తిరక్కుండా తన సొంతూరు ఫొస్సా తరఫున జూనియర్ క్లబ్ ఫైనల్ ఆడి అదీ గెలిచాడు. ఇక్కడ జూనియర్ అంటే వయసు కాదు, అన్నింటికన్నా కింది శ్రేణి. దేశంలోకెల్లా మేటి ఆటగాడు కింది శ్రేణి క్లబ్‌కి ఆడటం ఏ ప్రొఫెషనల్ ఆటలో చూస్తాం? 2022 నుంచి సీజన్‌ని రెండు ముక్కలు చేశారు: ముందు కౌంటీ, జులై తర్వాత క్లబ్. కాలేజీలో చేరాక సిగర్‌సన్ కప్ ఉంది, అది యూనివర్సిటీల టోర్నీ. ఆటగాళ్లకి స్కాలర్‌షిప్‌లున్నాయి గానీ వాటితో మొత్తం చదువు గడిచిపోతుందనుకోకండి.

ఆట మీదే జీతం కావాలంటే ఉన్న దారి ఆస్ట్రేలియా. అక్కడి ఫుట్‌బాల్ లీగ్ ఏఎఫ్‌ఎల్ క్లబ్బులు ఐరిష్ కుర్రాళ్లని తీసుకెళ్తుంటాయి. డబ్లిన్ కుర్రాడు జిమ్ స్టైన్స్ 1991లో అక్కడి అత్యున్నత అవార్డు బ్రౌన్‌లో మెడల్ గెలిచాడు. కెర్రీవాడు టైగ్ కెనెలీ 2005లో సిడ్నీ జట్టుతో టైటిల్ కొట్టి, తిరిగొచ్చి 2009లో కెర్రీకి ఆల్ ఐర్లాండ్ కూడా గెలిచాడు. వీళ్లని చూసి లెక్కలేసుకోవద్దు. వెళ్లినవాళ్లలో చాలామంది రెండు మూడేళ్లలో తిరిగొచ్చేశారు. పిలుపొస్తే అప్పుడు ఆలోచిద్దాం.

మనసులో ఉండీ మీరు రాయని ప్రశ్న ఒకటుంది, మనవాళ్ల పిల్లల్ని నిజంగా పైకి రానిస్తారా అని. తండ్రి హాంకాంగ్ నుంచి వచ్చిన జేసన్ షెర్లాక్ 1995లో డబ్లిన్‌కి ఆల్ ఐర్లాండ్ గెలిపించినవాళ్లలో ఒకడు. అతను జాతి వివక్ష మాటలు పడలేదని కాదు, పడ్డాడు. ఆ సంగతి తనే బయటికి చెప్పాడు. మీవాడికి అలాంటిది ఎదురైతే దాచకుండా కోచ్‌కి చెప్పమనండి, మీరూ వెంట వెళ్లండి.

మాన్పించొద్దు. మాన్పిస్తే పుస్తకం పట్టడు, మీ మీద కోపం పట్టుకుంటాడు. మైనర్ అంటే అండర్-17, ఆ మ్యాచ్‌లు ఈ ఏడాదితో అయిపోతాయి. లీవింగ్ సర్ట్ వచ్చే జూన్ మొదటి వారంలో. కనుక ఆగస్టు నుంచి అతనికి ఉండేది క్లబ్ ప్రాక్టీసే, చదువుకి టైం లేదనే సాకు అప్పుడు చెల్లదు. ఇప్పుడే కౌంటీ మేనేజర్‌ని కలిసి షెడ్యూల్ అడగండి. ఇంటి పాస్‌పోర్టుల సంగతీ చూసుకోండి: కాలేజీ ట్యూషన్ ఫీజు ప్రభుత్వమే కట్టే ఫ్రీ ఫీజుల పథకం రావాలంటే ఐర్లండ్‌లో ఏళ్ల తరబడి ఉండటం ఒక్కటే చాలదు, సాధారణంగా పౌరసత్వం కూడా అడుగుతారు. పన్నెండేళ్లున్నా దరఖాస్తు చేయని కుటుంబాలు ఎన్నో చూస్తుంటాను.

కాలేజీ సీట్లకి పెట్టే దరఖాస్తు, సీఏఓ ఫారం, ఫిబ్రవరి 1 లోపు వేయాలి. డిగ్రీ జాబితాలో పది కోర్సులు పెట్టుకోవచ్చు. ఆ పది పేర్లూ అతన్నే రాయమనండి, ఒక్కో కోర్సు పక్కన ‘మంగళవారం సాయంత్రం ఆరింటికి, ప్రాక్టీసు వేళకి, నేనెక్కడుంటా’ అన్నదానికి జవాబు కూడా. వరస నచ్చకపోతే జులై 1 దాకా మార్చుకోవచ్చు.