ఒకే బలంతో తోసినా నిండు బండి ఎందుకు త్వరగా వేగం అందుకోదు?

పలాసలో జీడి పిక్కల బస్తాలు మోసే తోపుడు బండినే తీసుకోండి. ఖాళీగా ఉంటే ఒక్క తోపుకే పరుగెడుతుంది. బస్తాలు పడ్డాక అదే మనిషి కాళ్లు నేలకు తన్నిపెట్టి, ఒళ్లంతా ముందుకు వంచి తోస్తే గానీ చక్రం కదలదు.

న్యూటన్ 1687లో ప్రచురించిన రెండో నియమం దీన్నే లెక్కలో చెబుతుంది: బలం = ద్రవ్యరాశి (వస్తువులో ఉన్న పదార్థం ఎంతో చెప్పే కొలత, కిలోల్లో) × త్వరణం. త్వరణం అంటే వేగం కాదు, వేగం మారే రేటు. పిల్లలు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. ఘర్షణ పోగా 50 న్యూటన్ల (బలాన్ని కొలిచే ప్రమాణం పేరూ న్యూటనే) బలం మిగిలిందనుకుందాం. బండి, సరుకు కలిపి 100 కిలోలైతే, ప్రతి సెకనుకూ వేగం సెకనుకు అర మీటరు చొప్పున పెరుగుతుంది. 200 కిలోలైతే అందులో సగమే.

'ఘర్షణ పోగా' అన్న మాట ముఖ్యం. బండి ఒకే వేగంతో సాగుతున్నప్పుడూ తోస్తూనే ఉంటాం కదా, మరి త్వరణం ఏదీ? ఆ తోపంతా ఘర్షణకే సరిపోయింది. మిగిలిన బలం సున్నా, త్వరణమూ సున్నా. న్యూటన్ మొదటి నియమం చెప్పేదీ ఇదే: మిగిలిన బలం లేకపోతే వేగం మారదు.

ఆపడానికీ అదే సూత్రం. అందుకే నిండు బండిని పల్లంలోకి దించేటప్పుడు, అది వేగం అందుకోకముందే వెనక్కి లాగి పట్టుకుంటారు.